కరెంటు బిల్లు ఒక్కసారిగా పెరిగిందా? మీటరును తప్పు పట్టేముందు వరసగా చూడాల్సినవి

ఎండాకాలం బిల్లులు చేతికి రాగానే అందరూ అడిగేది ఒకటే: "మా మీటరు పరిగెడుతోంది, మార్పించాలంటే ఎవరిని పట్టుకోవాలి?" మార్పించడం పెద్ద కష్టమేమీ కాదు. కానీ మీటరు మార్చాక కూడా బిల్లు అంతే వస్తే ఏం చేస్తారు? మీటరు పాడై బిల్లు పెరగడం ఉంటుంది గానీ అది వరసలో చివర చూడాల్సిన కారణం. ముందు రీడింగు, తర్వాత రోజులు, స్లాబు, బాకీలు, ఇంటి వైరింగు. ఆ తర్వాతే మీటరు. ఇక్కడ చెప్పేదంతా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇంటి వాడకం సర్వీసులకు, సింగిల్ ఫేజు మీటర్లకు సంబంధించింది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

– గత ఏడాది బిల్లులు. కాగితాలు పారేసి ఉంటే మీ డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ సర్వీసు నంబరు కొడితే పాత యూనిట్లు, రీడింగులు కనిపిస్తాయి.
– వీడియో తీయగలిగే ఫోను, టైము చూసుకోవడానికి ఇంకో ఫోను.
– ఒక టార్చి, ఒక నోటు పుస్తకం.
– గీజరు గానీ, బకెట్లో వేసే హీటర్ రాడ్ గానీ. వాటి మీద ఎన్ని వాట్లో రాసి ఉండాలి.
– 6వ మెట్టు వరకూ వెళ్తే క్లాంప్ మీటరు ఉన్న ఎలక్ట్రీషియను.

ఒక హెచ్చరిక. మీటరు సీళ్లు ముట్టుకోవద్దు, టెర్మినల్ కవరు విప్పొద్దు, మీటరుకు ముందున్న సర్వీసు వైరు జోలికి వెళ్లొద్దు. సీలు తెగి కనిపిస్తే విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం కేసు దాకా పోవచ్చు. అప్పుడు మీ బిల్లు గొడవ ఎవరూ వినరు. ముందే సీలు తెగి ఉంటే ఫోటో తీసి, ఆ రోజే మీ ప్రాంతపు కరెంటు సెక్షన్ ఆఫీసులో రాసి ఇవ్వండి.

1. బిల్లులోని రీడింగూ మీటరు మీది రీడింగూ ఒకటేనా?

మీటరు తెర మీద అంకెలు వరసగా మారుతుంటాయి: తేదీ, టైము, వోల్టులు, ఆంపియర్లు, గరిష్ఠ డిమాండు, యూనిట్లు. మనకు కావాల్సింది పక్కన "కేడబ్ల్యూహెచ్" అని ఉన్న అంకె. "కేడబ్ల్యూ" అని మాత్రమే ఉంటే అది డిమాండు (ఒక సమయంలో లాగిన లోడు), యూనిట్లు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. తెర ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా వీడియో తీస్తే తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఈరోజు రీడింగు బిల్లులోని "ప్రస్తుత రీడింగు" కన్నా ఎక్కువ ఉండాలి. తక్కువ ఉంటే రీడింగు తప్పు రాసినట్టే, వాదన అక్కర్లేదు. మెరిసిపోయిన తెర మీద 3ను 8గా చదవడం, దశాంశ బిందువును వదిలేయడం తరచూ జరిగే తప్పులు. 4187.6ను 41876 అని కొడితే బిల్లు లక్షల్లోకి పోతుంది. పాత చక్రం మీటర్లలో చివరి ఎర్ర అంకె దశాంశమే.

ఆ తర్వాత బిల్లులో మీటరు స్టేటస్ చూడండి. డోర్ లాక్, స్టకప్ (మీటరు ఆగింది), బర్న్‌ట్ (కాలిపోయింది) అని ఉంటే అది సరాసరి వేసి ఇచ్చిన బిల్లు. నిజం రీడింగు తీసిన నెలలో పాతదంతా కలిసి వస్తుంది కాబట్టి ఆ నెల బిల్లు పెరిగినట్టు కనిపిస్తుంది. ఇల్లు తాళం వేసి ఉండటం వల్ల వరసగా రెండుసార్లు రీడింగు తీయలేకపోతే, తేదీ కనిపించేలా మీటరు ఫోటో తీసి రిజిస్టరైన మొబైల్ నుంచి పంపే హక్కు మీకు ఉంది. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది.

చివరగా మీటరు నంబరు. అపార్టుమెంట్లలో అయిదారు మీటర్లు ఒకే బోర్డు మీద ఉంటాయి. మీటరు మీద ముద్రించిన నంబరూ బిల్లులో ఉన్న నంబరూ కలవకపోతే మీరు పక్కింటివారి బిల్లు కడుతున్నట్టు, వాళ్లు మీది. సరిచూడటానికి మీ ఇంటి మెయిన్ ఆపి, కింద మీ పేరున్న మీటరు లైటు ఆగిందో లేదో చూడండి.

2. ఎన్ని రోజుల బిల్లు?

పాత రీడింగు తేదీకీ కొత్త రీడింగు తేదీకీ మధ్య రోజులు లెక్కపెట్టండి. యూనిట్లను రోజులతో భాగించి, 30తో గుణించండి. 35 రోజులకు 230 యూనిట్లు వస్తే 30 రోజులకు 197. అంటే మీ వాడకం 200 లోపే ఉంది. ఈ తేడా తెలంగాణలో ఎందుకంత ముఖ్యమో కింద చూడండి.

3. స్లాబు లెక్క మీరే వేయండి

కింద ఇచ్చినవి రెండు రాష్ట్రాల్లో 2022-23 టారిఫ్ ప్రకారం యూనిట్ చార్జీలు. కొత్త టారిఫ్ వస్తే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

తెలంగాణ. నెల వాడకం 100 లోపు ఉంటే మొదటి 50కి 1.95, తర్వాతి 50కి 3.10. వాడకం 101 నుంచి 200 మధ్య ఉంటే మొదటి 100కి 3.40, మిగతాదానికి 4.80. 200 దాటితే మొదటి 200కి 5.10, 201–300కి 7.70, 301–400కి 9.00, 401–800కి 9.50, ఆపైన 10 రూపాయలు.

ఇక్కడ మెలిక ఏమిటంటే, గీత దాటితే పైనున్న యూనిట్లకు మాత్రమే కాదు, కింది యూనిట్లకు కూడా రేటు మారుతుంది. సరిగ్గా 200 యూనిట్లకు యూనిట్ చార్జీ 820 రూపాయలు. 201కి 1,027.70. ఒక్క యూనిట్‌కు 207.70 తేడా! 100 దగ్గరా ఇంతే: 252.50 నుంచి 344.80కి పోతుంది. గృహజ్యోతి (200 యూనిట్ల దాకా సున్నా బిల్లు పథకం) ఉన్న ఇళ్లకు ఇంకా గట్టి దెబ్బ. 200 దాటిన నెల సున్నా బిల్లు పోయి మొత్తం కట్టాల్సిందే. "పోయిన నెలకన్నా పది యూనిట్లే ఎక్కువ, బిల్లేమో ఆకాశానికి" అనే ఫిర్యాదుకు జవాబు ఇదే. మీటరు పాపం ఏమీ లేదు.

అందుకే రోజులు లెక్కపెట్టమన్నది. పైన చెప్పిన 230 యూనిట్లకు, రోజులు పట్టించుకోకుండా వేస్తే 1,251 రూపాయలు. 35 రోజులకు తగ్గట్టు స్లాబు హద్దులు సర్దితే 941 దగ్గర ఆగుతుంది. సర్దకుండా ఇచ్చి ఉంటే రెండు తేదీలూ, ఈ లెక్కా కాగితం మీద పెట్టి, బిల్లుల పని చూసే విద్యుత్ రెవెన్యూ ఆఫీసు, అంటే ఈఆర్‌ఓలో సవరణ అడగండి.

ఆంధ్రప్రదేశ్. మొదటి 30కి 1.90, 31–75కి 3.00, 76–125కి 4.50, 126–225కి 6.00, 226–400కి 8.75, ఆపైన 9.75. ఇక్కడ గీత దాటినా కింది యూనిట్ల రేటు మారదు. అదే 230 యూనిట్లకు 1,060.75 వస్తుంది.

దీనికి ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం కలుస్తాయి. మీ లెక్కలో యూనిట్ చార్జీ బిల్లుతో కలిస్తే రేటు గొడవ లేనట్టే.

4. యూనిట్లు మామూలే, డబ్బు మాత్రం ఎక్కువ

అప్పుడు తప్పు వెతకాల్సింది బిల్లు కింది సగంలో.

ఏసీడీ అని ఉంటే అది అదనపు డిపాజిట్. ఏడాదికోసారి మీ సగటు బిల్లు చూసి, రెండు నెలల మొత్తానికి డిపాజిట్ ఎంత తక్కువైందో అంత అడుగుతారు. ఇది ఖర్చు కాదు, మీ పేరు మీదే ఉంటుంది. విద్యుత్ చట్టం ప్రకారం దానికి వడ్డీ కూడా రావాలి, బిల్లులోనే సర్దుతారు. వడ్డీ జమ కాలేదనిపిస్తే ఈఆర్‌ఓలో అడగండి. అద్దెకున్నవాళ్లు ఏసీడీ కడితే ఆ రసీదు చూపించి ఓనరు దగ్గర తీసుకోవడం న్యాయం. డిపాజిట్ సర్వీసుతో పాటు ఇంటికే ఉండిపోతుంది.

ఆంధ్రప్రదేశ్ బిల్లుల్లో ఎఫ్‌పీపీసీఏ, ట్రూఅప్ అని ఉండేవి వెనకటి నెలలకో, వెనకటి సంవత్సరాలకో చెందిన సర్దుబాట్లు. ఈ నెల పొదుపు చేస్తే ఇవి తగ్గవు. పాత బాకీ అని ఉంటే ఏ నెలదో అడగండి. కట్టిన రసీదు ఉన్నా బాకీ చూపిస్తుంటే చెల్లింపు వేరే సర్వీసు నంబరుకు పోయి ఉండొచ్చు. యాప్‌లో ఒక అంకె తప్పు కొట్టడం చాలు.

5. మెయిన్ ఆపి చూడండి

రీడింగు నిజమే, యూనిట్లు నిజంగానే పెరిగాయి అని తేలితేనే ఈ మెట్టు.

మీటరు మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది, పక్కన 3200 ఇంపల్సులు అని గానీ 1600, 6400 అని గానీ రాసి ఉంటుంది. అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్. ఫ్రిజ్, ఇన్వర్టరు, వైఫై అన్నీ ఆగిపోయేలా మెయిన్ ఆపండి. ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపే డబుల్ పోల్ మెయిన్ అయి ఉండాలి. 15 నిమిషాలు వీడియో తీయండి.

ఒకటీ అరా వెలిగి ఆగిపోతే మంచిదే. వెలుగుతూనే ఉంటే కంగారు పడకుండా లెక్క కట్టండి: 3200 మీటరు 15 నిమిషాల్లో 9 సార్లు వెలిగిందనుకుందాం. గంటకు 36, అంటే సుమారు 11 వాట్లు, నెలకు 8 యూనిట్లు. లోపం ఉన్నట్టే, కానీ 150 యూనిట్ల పెరుగుదలకు ఇది కారణం కాదు. మెయిన్ పూర్తిగా ఆపినా నిమిషానికి పదీ ఇరవై వెలుగుతుంటే, మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరో లైను లాగి ఉండొచ్చు. మెట్ల లైటు, వాచ్‌మన్ గది, కామన్ మోటారు: ముందు చూడాల్సినవి ఈ మూడే.

మెయిన్ ఆపితే ఆగి, వేస్తే అన్ని స్విచ్చులూ ఆపి ఉన్నా తిరుగుతుంటే లోపం ఇంటి లోపల. బోర్డులోని అన్ని ఎంసీబీలూ (ట్రిప్ స్విచ్చులు) దించి ఒక్కొక్కటీ ఎత్తుతూ రెండేసి నిమిషాలు చూడండి. ఏది ఎత్తినప్పుడు లైటు మొదలైందో ఆ లైనులోనే దొంగ ఉన్నాడు. తడి గోడలోంచి పోయే వైరు, ఎలిమెంటు పగిలిన గీజరు, వైండింగు దెబ్బతిన్న బోరు మోటారు ఇందులో ముందుంటాయి. గీజరో మోటారో అయితే వాడటం ఆపేయండి. అది బిల్లు సంగతి కాదు, షాక్ కొట్టే సంగతి.

6. న్యూట్రల్ కలిసిపోయిందా?

రెండు పోర్షన్ల ఇళ్లలో, పైన కొత్తగా అంతస్తు వేసిన ఇళ్లలో దీన్ని తప్పకుండా చూడాలి. చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా పట్టించుకోరు.

ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లు దొంగతనం ఆపడానికి ఫేజులో పోయే కరెంటునూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ రెండింటినీ కొలుస్తాయి. ఏది ఎక్కువైతే దానికే లెక్క కడతాయి. పక్క పోర్షను న్యూట్రల్ వైరు మీ ఇంట్లో ఎక్కడో ముడిపడి ఉంటే వాళ్ల ఏసీ కరెంటు మీ మీటరు న్యూట్రల్ గుండా తిరిగి పోతుంది. వాళ్లు వాడింది మీ మీటరులోనూ ఎక్కుతుంది, వాళ్ల దాంట్లోనూ ఎక్కుతుంది. ఇన్వర్టరు పెట్టినప్పుడు రెండు సర్వీసుల న్యూట్రల్‌ను కలిపేయడం కూడా ఇలాగే తేలుతుంది.

గుర్తులు: మీటరు మీద "ఈఎల్" లైటు వెలుగుతూ ఉండటం. మీ ఇంట్లో ఏమీ లేకపోయినా పక్కవాళ్లు గీజరు వేయగానే మీ మీటరు లైటు వేగం పెరగడం. ఫేజు ఫ్యూజు ఒక్కటే తీస్తే ఆగకుండా, న్యూట్రల్ కూడా తెంపితే ఆగడం.

నిర్ధారణకు ఎలక్ట్రీషియనుతో మెయిన్ దగ్గర క్లాంప్ మీటరు పెట్టించండి. ఫేజు, న్యూట్రల్ రెండు వైర్లనూ కలిపి క్లాంప్ నోట్లో పెడితే సున్నా చూపించాలి. రెండు మూడు ఆంపియర్లు చూపిస్తే న్యూట్రల్ కలిసింది, లేదా ఎక్కడో భూమిలోకి పోతోంది. సరిచేయాల్సింది వైరింగే. ఏ మీటరు పెట్టినా ఈ తప్పు అలాగే ఉంటుంది.

7. తెలిసిన లోడు పెట్టి మీటరును పరీక్షించండి

ఇంట్లో అన్నీ ఆపి, 2000 వాట్ల గీజరు ఒక్కటే వేయండి. చన్నీళ్లు నిండి ఉండాలి, గీజరు ఎర్ర లైటు వెలుగుతూ ఉండాలి. అది ఆరిపోతే థర్మోస్టాట్ ఆపేసినట్టు, పరీక్ష చెల్లదు. ఇస్త్రీ పెట్టెతో చేయకండి, అది నిమిషానికోసారి ఆగి వెలుగుతుంది. గీజరు లేకపోతే 1500 వాట్ల రాడ్‌ను నిండు బకెట్లో వేసి చేయొచ్చు. రాడ్ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసేదాకా నీళ్లలో వేలు పెట్టొద్దు.

ఒక నిమిషం వీడియో తీసి, నెమ్మదిగా ఆడిస్తూ వెలుగులు లెక్కపెట్టండి. 3200 మీటరు మీద 2000 వాట్లకు నిమిషానికి సుమారు 107, 1500 వాట్లకు 80 రావాలి. 1600 మీటరైతే ఇందులో సగం, 6400 అయితే రెట్టింపు.

అచ్చంగా రాదు. పరికరం మీద రాసిన వాట్లు 230 వోల్టుల దగ్గర. వోల్టేజీ 215 ఉంటే అదే గీజరు 1750 వాట్లే తీసుకుంటుంది, వెలుగులు 93కు తగ్గుతాయి. 245 ఉంటే 121 దాకా పోతాయి. వోల్టేజీ ఎంతో మీటరు తెరే చూపిస్తుంది, రాసుకోండి. కాబట్టి 3200 మీటరు మీద 2000 వాట్ల గీజరుకు 90 నుంచి 120 మధ్య వస్తే మీటరును వదిలేయండి. 130 దాటితే ఇంకో రెండుసార్లు చేయండి. మూడుసార్లూ అలాగే వస్తే అప్పుడు మీటరు మీద ఫిర్యాదుకు బలం ఉంది. ఇళ్ల మీటర్లకు ఒప్పుకునే తేడా ఒక శాతం స్థాయిలోనే ఉంటుంది. అంత సన్నటి తేడా ఈ పద్ధతిలో దొరకదు, దాని వల్ల బిల్లు రెట్టింపు కూడా కాదు.

పాత చక్రం మీటరు తీసి కొత్తది పెట్టాక యూనిట్లు కొంచెం పెరగడం మామూలే. అరిగిన చక్రం సెటాప్ బాక్సు, చార్జరు లాంటి చిన్న లోడ్లకు కదిలేది కాదు. ఇన్నాళ్లూ లాభపడ్డారన్నమాట.

పరీక్షలన్నీ బాగుంటే వారం రోజులు ఉదయం ఒకే టైముకు రీడింగు రాయండి. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు యూనిట్ నుంచి యూనిట్‌న్నర, గీజరు పావు గంటకు అర యూనిట్, ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు యూనిట్ దాకా. ఎక్కువగా ట్యాంకు నింపే మోటారు దగ్గరే తేలుతుంది. ఫుట్‌వాల్వ్ కారుతుంటే అరగంటలో నిండే ట్యాంకు రెండు గంటలు తీసుకుంటుంది, ఎవరూ గమనించరు.

8. ఫిర్యాదు ఎవరికి, ఎలా

రీడింగు, స్లాబు, బాకీ తప్పులకు ఈఆర్‌ఓ, అక్కడి ఏఏఓ (అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసరు). మీటరు లోపానికి మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు). రెండింటికీ ముందు 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. లైన్‌మన్‌కు నోటితో చెప్పడం ఫిర్యాదు కాదు. కాగితం రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇంత చాలు:

"నా సర్వీసు నంబరు ఇది, మీటరు నంబరు ఇది. గత ఆరు నెలల సగటు 160 యూనిట్లు, మే నెలలో 255. కొత్త పరికరాలు ఏవీ లేవు. 2000 వాట్ల గీజరు ఒక్కటే వేసి చూడగా మీటరు నిమిషానికి 171 సార్లు వెలిగింది, అప్పుడు వోల్టేజీ 231. వీడియో జతచేశాను. మీటరు పరీక్షించి, చెక్ మీటరు పెట్టి, ఫలితం రాతలో ఇవ్వగలరు."

మీటరు కాలిపోయింది, ఎక్కువ తిరుగుతోంది, చాలా అన్యాయం అని పేజీ నింపితే ఎవరూ చదవరు. అంకెలు రాస్తే పక్కన పడేయడం కష్టం.

హక్కుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 30 రోజుల్లో మీటరు పరీక్షించాలి. 2024 సవరణతో అనుమానం ఉన్న మీటరు పక్కన అయిదు రోజుల్లో అదనపు మీటరు (చెక్ మీటరు) పెట్టి, కనీసం మూడు నెలల వాడకం పోల్చి చూడాలి. ఈ రెండు మాటలూ కాగితంలో రాయండి. మీటరు ఆగిపోయిన కాలానికి బిల్లు వేస్తే ముందటి మూడు బిల్లుల సరాసరి ప్రకారం వేశారో లేదో చూసుకోండి.

ఈలోగా బిల్లు కట్టకుండా కూర్చోవడం పెద్ద పొరపాటు. విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బాకీకి సరఫరా తీసేముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అడిగిన మొత్తం, లేదా గత ఆరు నెలల సగటు, ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి కడితే వివాదం తేలేదాకా సరఫరా తీయకూడదు. ఆన్‌లైన్లో కొంత మొత్తం కట్టడానికి కుదరకపోతే ఈఆర్‌ఓ కౌంటరులో కాగితంతో కట్టండి.

అక్కడ తేలకపోతే మీ డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరం, అంటే సీజీఆర్‌ఎఫ్. ఆ తీర్పూ నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. లాయరు అక్కర్లేదు. ముద్ర వేయించుకున్న కాగితాలే మీ లాయరు.

9. మీటరు మార్చే రోజు

ఇంట్లో ఎవరో ఒకరు ఉండండి. పాత మీటరు తీయకముందు చివరి రీడింగు, మీటరు నంబరు, సీళ్లు కనిపించేలా ఫోటో తీయండి. కొత్త మీటరు మొదటి రీడింగు కూడా. చాలాసార్లు అది సున్నా ఉండదు, ల్యాబులో పరీక్షించినప్పటి రెండు మూడు యూనిట్లు ఉంటాయి, ఫర్వాలేదు. తర్వాతి బిల్లులో రెండు లెక్కలు చూడండి: పాత మీటరు చివరి రీడింగు దాకా యూనిట్లు, కొత్తది మొదటి రీడింగు నుంచి యూనిట్లు. పాత రీడింగులోంచి కొత్తది తీసేయబోయి కంప్యూటరు వేల యూనిట్ల బిల్లు ఇవ్వడం ఈ నెలలోనే జరుగుతుంది. అలా వస్తే ఆ రెండు ఫోటోలు పట్టుకుని నేరుగా ఈఆర్‌ఓకు వెళ్లండి.